వేళ్లతో చూసే విక్టోరియా మెమోరియల్: 1:400 నమూనా, పని డైరీ

కోల్‌కతాలోని విక్టోరియా మెమోరియల్ హాలుకీ దాని చుట్టూ ఉన్న తోటకీ ఖరగ్‌పూర్‌లో మా ఇంటి వరండాలో చేసిన నమూనా ఇది. చూపు లేనివాళ్లు చేత్తో తడిమి తెలుసుకోవడానికి చేశాను. మా మేనకోడలికి పదమూడేళ్లు, పుట్టుకతోనే చూపు లేదు. వేసవి సెలవుల్లో విజయనగరం నుంచి వస్తే అక్కడికి తీసుకెళ్లాం. రెండు గంటలు తిరిగి బయటికొచ్చాక "ఎలా ఉందమ్మా?" అని అడిగితే, "కింద గులకరాళ్లు, చల్లటి గోడ, చాలా నడక" అంది. అంతకన్నా ఆమెకు అందలేదు. మేం చెప్పిన "తెల్లగా, పెద్దగా" అనే మాటలు దేనికీ పనికిరాలేదు.

పదహారు నెలలు పట్టింది, ఆదివారాలూ సెలవు రోజులూ మాత్రమే పనిచేశాను. ఇలాంటిది చేయాలనుకునేవాళ్లకు తప్పులే ఎక్కువ ఉపయోగమని అవే ఎక్కువ రాశాను.

దశ 1: స్కేలు

మొదట 1:200 (అసలులో రెండు వందల వంతు) అనుకున్నాను. భవనం కొలతలు పుస్తకాల్లో దొరుకుతాయి:

1. పొడవు 338 అడుగులు (103 మీ.)
2. వెడల్పు 228 అడుగులు (69.5 మీ.)
3. ఎత్తు 184 అడుగులు (56 మీ.). ఇది గుమ్మటం మీది విజయదేవత విగ్రహం పీఠం వరకే. ఆ పీఠం మీద విగ్రహం ఇంకో 16 అడుగులు.

1:200లో భవనం అరమీటరు పొడవు వస్తుంది, తడమడానికి బాగుంటుంది అనుకుని బోర్డు కూడా కోశాను. ఆ తర్వాత తోట లెక్క వేశాను. తోట 57 ఎకరాలు, అంటే 2,30,000 చదరపు మీటర్ల పైమాట. 1:200లో దానికి 5.8 చదరపు మీటర్ల బల్ల కావాలి. మా వరండాయే అంత లేదు.

1:400లో 1.44 చదరపు మీటర్లు చాలు. 8×4 ప్లైవుడ్ షీటులో సగం, అంటే 4×4 అడుగుల ముక్క 1.49 చదరపు మీటర్లు. అలా స్కేలును తోట నిర్ణయించింది, భవనం కాదు. కొత్త కొలతలు: పొడవు 258 మి.మీ., వెడల్పు 174, ఎత్తు 140.

అదే కాగితం మీద ఇంకో లెక్క వేశాను. 338ని 228తో హెచ్చిస్తే 77,064 చదరపు అడుగులు, ఎకరం ముప్పావు. 57 ఎకరాల్లో అది నూటికి మూడు పాళ్లు. మిగతా 97 పాళ్లు పచ్చిక, దారులు, నీళ్లు, చెట్లు. మేనకోడలు చెప్పిన "చాలా నడక" ఆ 97 పాళ్లే. ఈ లెక్కను గోడకు అంటించుకుని కూడా పనిలో పడ్డాక మర్చిపోయాను. దశ 6లో చూస్తారు.

ఆ తోట భవనం కట్టగా మిగిలిన జాగా కాదు. హాలుకు నమూనా గీసింది విలియం ఎమర్సన్. తోటకు వేరుగా ఇద్దరున్నారు: లార్డ్ రెడెస్‌డేల్, డేవిడ్ ప్రెయిన్. ప్రెయిన్ వృక్షశాస్త్రవేత్త, కలకత్తా బొటానికల్ గార్డెన్‌ని నడిపి తర్వాత లండన్ క్యూ గార్డెన్స్‌కు డైరెక్టర్‌గా వెళ్లినవాడు. తోట గేట్లు, ఉత్తరం వైపు వంతెన, భవనం పునాది పని విన్సెంట్ ఎష్ చూశాడు. ఆయన అంతకుముందు బెంగాల్ నాగపూర్ రైల్వేలో అసిస్టెంట్ ఇంజనీరు. మా ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఆ రైల్వేదే. మా తాతల తరంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకు అన్నం పెట్టింది ఆ వర్క్‌షాపే. ఎష్ తర్వాత హైదరాబాద్ వెళ్లి హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషన్లకు నమూనాలు గీశాడు. హైదరాబాద్‌లో ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే, కాచిగూడ స్టేషన్‌తో మొదలుపెట్టమంటాను. బయటి గోడలు దగ్గరగా చూసే వీలుంది.

వేలికి ఎంత తెలుస్తుందన్నది ఇంకో హద్దు. బ్రెయిలీలో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం సుమారు 2.5 మి.మీ. అంతకన్నా బాగా దగ్గరైతే రెండు చుక్కల్ని వేరుగా పట్టుకోవడం కష్టం. 1:400లో 2.5 మి.మీ. అంటే అసలులో ఒక మీటరు. కాబట్టి మీటరు కన్నా చిన్నదేదీ ఈ నమూనాలో చేయకూడదని నియమం పెట్టుకున్నాను. కిటికీల చెక్కడాలు, చిన్న శిల్పాలు అన్నీ పోయాయి. బాధగానే తీసేశాను.

దశ 2: కొలవడం, ఫోటో చేసిన మోసం

విక్టోరియా మెమోరియల్ పేరు రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా, 62వ అంశంలో నేషనల్ లైబ్రరీ, ఇండియన్ మ్యూజియంలతో పాటు దాన్నీ పేర్కొన్నారు. అలాంటి చోట గోడకు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం, మట్టి అద్ది అచ్చు తీయడం లాంటివి చేయకండి. పాలరాయి మరకలు పీల్చుకుంటుంది. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేసే ఆలోచన కూడా వద్దు. నేను వాడినవి మూడే: నా అడుగులు, ఫోను కెమెరా, ఉపగ్రహ చిత్రం ప్రింటు.

అడుగుల లెక్క ఇలా చేశాను:

1. ఇంటి దగ్గర 50 మీటర్ల టేపు పరిచి, రెండుసార్లు నడిచి 100 మీటర్లకు ఎన్ని అడుగులో చూశాను. నాకు 136.
2. తోటలో ఒక్కో దారి రెండుసార్లు నడిచి సగటు తీశాను.
3. ఉపగ్రహ చిత్రం మీద అదే దారిని స్కేలుతో కొలిచి పోల్చాను. నూటికి నాలుగు పాళ్లలోపు తేడా ఉంటే ఒప్పుకున్నాను, లేకపోతే మళ్లీ వెళ్లాను. మొత్తం మూడుసార్లు వెళ్లాను.

తప్పు గుమ్మటం దగ్గర జరిగింది. ఉత్తరం వైపు నుంచి సూటిగా ఫోటో తీసి, దానిలో భవనం పొడవును 258 మి.మీ.గా పెట్టుకుని, మిగతావన్నీ ఆ నిష్పత్తిలో కొలుచుకుంటూ పోయాను. గుమ్మటంతో కలిపి ఎత్తు 109 మి.మీ. దగ్గర వచ్చింది. అలాగే కోసి, అతికించి, ఎండబెట్టాక అసలు లెక్కతో పోల్చాను. ఉండాల్సింది 140. 31 మి.మీ. పొట్టి! అసలు భవనానికి 40 అడుగులు తెగ్గోసినట్టు.

ఎందుకంటే గుమ్మటం ముందు గోడ మీద లేదు. భవనం మధ్యలో ఉంది. 228 అడుగుల్లో సగం, 114 అడుగులు (34.7 మీ.) వెనక్కి. నేను ముందు గోడకు 120 మీటర్ల దూరంలో నిలబడి తీశాను. గుమ్మటానికి నా దూరం 154.7 మీటర్లు. దూరంగా ఉన్నది ఫోటోలో చిన్నగా పడుతుంది. దిద్దుకునే పద్ధతి:

1. ఫోటో తీసినప్పుడు ముందు గోడకు మీ దూరం రాసుకోండి.
2. కొలవాల్సింది గోడకు ఎంత వెనక ఉందో ప్లానులో చూడండి.
3. రెండూ కలిపి, మొదటిదానితో భాగించండి. నాకు 154.7 ÷ 120 = 1.29.
4. ఫోటోలో వచ్చిన కొలతను దానితో హెచ్చించండి. 109 × 1.29 = 140.6. అసలు లెక్కకు అరమిల్లీమీటరు తేడా.

కెమెరా కంటి ఎత్తు వల్ల ఇంకొంచెం తేడా ఉంటుంది కానీ ఈ స్కేలులో అది ఒక మిల్లీమీటరు దగ్గరే.

ఇప్పటిదాకా: రూ. 800 (రైలు టికెట్లు, ప్రవేశ రుసుము, ప్రింట్లు, గ్రాఫు కాగితాలు). 22 గంటలు.

దశ 3: అడుగు బల్ల

12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లై, కింద నాలుగు వైపులా, మధ్యలో అడ్డంగా చెక్క పట్టీలు. ఇక్కడ చెప్పాల్సింది ఒక్కటే. బల్ల సిద్ధమయ్యాక మా ఆవిడ గుమ్మం వైపు చూసి "ఇది బయటికెలా వెళ్తుంది?" అంది. బల్ల 122 సెం.మీ. గుమ్మం 31 అంగుళాలు, అంటే 79 సెం.మీ. నిలువుగా పట్టుకుని తీసుకెళ్లొచ్చు కానీ అప్పటికి మీద భవనం ఉంటుంది.

రెండు ముక్కలు చేశాను: 76, 46. సరిగ్గా సగం కోస్తే గీత భవనం మధ్య నుంచి పోతుంది, అందుకే సమానం కాదు. దక్షిణం గోడకు 5 సెం.మీ. అవతల కోశాను. ఉత్తరం గేటు, రాణి విగ్రహం, హాలు పెద్ద ముక్క మీద. దక్షిణం తోట, ఎడ్వర్డ్ ఆర్చ్ (ఏడో ఎడ్వర్డ్ రాజు పేర ఉన్న కమాను) చిన్న ముక్క మీద. కలపడానికి కింద రెండు బోల్టులు, చేత్తో తిప్పే రెక్కల నట్లు.

ఇప్పటిదాకా: రూ. 2,900. 36 గంటలు.

దశ 4: హాలు

మొదటి హాలు సన్‌బోర్డుతో (నురుగు ప్లాస్టిక్ షీటు) చేశాను. కోయడం సులువు, తేలిక. జూన్‌లో మొదలుపెట్టి ఆగస్టుకు పూర్తిచేశాను. ఎండలో ఆరబెట్టిన ఒక రోజుకే పొడుగు గోడ నడుమ 2 మి.మీ. ఉబ్బింది. లోపల పట్టీ పెట్టి సరిచేసి, దసరాకు మేనకోడలి ముందు పెట్టాను. ఆమె చూసే పద్ధతి ఇది: ముందు రెండు అరచేతులతో మొత్తం కప్పి ఆకారం పడుతుంది, తర్వాత చూపుడు వేళ్లతో అంచుల వెంట వెళ్తుంది. అయిదు నిమిషాలకు మూల బురుజు అంచు లోపలికి నొక్కుకుపోయింది. పదో నిమిషానికి ఒక చిన్న గుమ్మటం ఊడి చేతికొచ్చింది.

"మావయ్యా, విరగ్గొట్టేశానా?" అని చేతులు వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత ఎంత చెప్పినా గట్టిగా ముట్టుకోలేదు. తడిమి చూసే వస్తువు విరిగితే పిల్లలు ముట్టుకోవడమే మానేస్తారు. ఆ సాయంత్రమే సన్‌బోర్డు పక్కన పెట్టేశాను.

రెండోది టేకు. వడ్రంగి షాపులో మిగిలిన ముక్కలు కిలోల లెక్కన తెచ్చుకున్నాను. భవనాన్ని తొమ్మిది దిమ్మెలుగా విడగొట్టాను:

1. మధ్య దిమ్మె, దాని మీద గుమ్మటం కూర్చునే గుండ్రటి మెడ
2. ఉత్తరం, దక్షిణం వాకిళ్ల దిమ్మెలు రెండు
3. తూర్పు, పడమర రెక్కలు రెండు
4. మూల బురుజులు నాలుగు

ఒక్కోదాన్ని చిత్రిక పట్టి, మూలమట్టంతో చూసి, అంచుల్ని 120, తర్వాత 320 నంబరు ఎమెరీతో అర మిల్లీమీటరు గుండ్రం చేశాను. పదునైన అంచు మీద వేలు ఆగదు, జారిపోతుంది. కొంచెం గుండ్రంగా ఉంటే వేలు దాన్ని పట్టుకుని నడుస్తుంది. దిమ్మెల మధ్య అతుకులు కనపడకుండా పూడ్చాలనుకున్నాను కానీ వదిలేశాను. ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో ఆ సన్న గీతే వేలికి చెప్తోంది.

రంగు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. తెల్లటి ఎనామిల్ వేస్తే చేతికి ప్లాస్టిక్‌లా, వెచ్చగా తగిలింది. ఆమెకు తెల్లదనం ఏమీ కాదు, చల్లదనమే గుర్తు. హాలుకు వాడింది రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయి, తాజ్‌మహల్‌ది కూడా ఆ రాయే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలకు కనపడకుండా ఈ తెల్లటి భవనాన్ని నల్లగా కప్పి ఉంచారు. ఆ సంగతి చెప్తే "అప్పుడూ చల్లగానే ఉండుంటుంది కదా" అంది. పాలరాయి కోసే షాపులో తెల్లపొడి అడిగి తెచ్చి, పలచటి మల్లు గుడ్డలో వడగట్టి, ప్రైమర్‌లో కలిపి రెండు పూతలు వేశాను. గరుకు తగ్గింది కానీ చల్లదనం రాలేదు. చివరికి భవనం కింద అరుగుకు అసలు పాలరాయి టైలు ముక్కే పెట్టాను. అరుగు ఎత్తు స్కేలు కన్నా ఎక్కువైంది, తెలిసే ఒప్పుకున్నాను. చెయ్యి మొదట ఆగే చోటు అదే.

ఇప్పటిదాకా: రూ. 4,680 (అందులో వృథా సన్‌బోర్డు రూ. 620). 97 గంటలు.

దశ 5: గుమ్మటం, తిరిగే దేవత

గుమ్మటానికి ముందు టేబుల్ టెన్నిస్ బంతి సగం కోసి పెట్టాను. కొలత సరిపోలేదు, ఆకారమూ సరిపోలేదు, నొక్కితే సొట్టపడింది. తెలిసినాయన లేత్ మీద టేకు దిమ్మె తిప్పించుకున్నాను. అట్ట మీద గుమ్మటం సగం గీత కోసి ఇస్తే, దాన్ని పెట్టి చూసుకుంటూ తిప్పాడు. మొదటిసారే కుదిరింది.

దేవత దగ్గర మాత్రం నెలన్నర పోయింది. అసలు విగ్రహం కంచుది, బూర పట్టుకుని ఉంటుంది, సుమారు 3 టన్నులు. కింద బాల్ బేరింగులు ఉన్నాయి, గాలి గట్టిగా వీస్తే తిరిగేలా పెట్టారు. మేనకోడలికి ఆ హాలు గురించి చెప్పినవాటిలో బాగా పట్టుకున్నది ఇదే. 1:400లో ఆ విగ్రహం 12 మి.మీ. ఇత్తడి తీగతో చేసి, కుట్టుసూది మొన మీద, బాల్‌పెన్ రీఫిల్ కొనలో కూర్చోబెట్టాను. ఊదితే తిరిగింది. చాలా సంబరపడ్డాను. సంక్రాంతికి ఆమె అరచెయ్యి గుమ్మటం మీదికి రాగానే సూది గుచ్చుకుని రక్తం వచ్చింది. "ఏం కాలేదు మావయ్యా" అంది. నాకు మాత్రం ఆ రోజు ఇంక పని మీదికి మనసు పోలేదు.

అప్పుడు రెండుగా విడదీశాను. గుమ్మటం మీద తిరగని, గుండ్రటి తల ఉన్న 5 మి.మీ. ఇత్తడి మర. పక్కన వేరే పీఠం మీద 1:20 స్కేలులో, 244 మి.మీ. దేవత. టేకు ఒళ్లు, అర మిల్లీమీటరు ఇత్తడి రేకు రెక్కలు. కింద 608 నంబరు బేరింగు (లోపలి రంధ్రం 8 మి.మీ., బయట 22, మందం 7), ఎక్కడైనా దొరుకుతుంది.

తిరగలేదు. టేబుల్ ఫ్యాను మూడో నంబరులో పెట్టినా తిరగలేదు. వరసగా మార్చినవి:

1. కొత్త బేరింగులో గ్రీజు చిక్కగా ఉంటుంది. రేకు మూత తీసి, కిరసనాయిల్లో కడిగి, ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను. ఫ్యాను మూడో నంబరులో కదిలింది, కానీ ఎక్కడ పడితే అక్కడ ఆగింది.
2. తప్పు కమ్మీ (దేవత నిలబడి తిరిగే కడ్డీ) ఉన్న చోట ఉంది. రెక్కల సరిగ్గా మధ్యలో కమ్మీ పెట్టాను. గాలి రెండు పక్కలా సమానంగా నెడితే ఎటూ తిరగదు. గాలిమర పిట్టకు తోక వైపు రేకు ఎక్కువ ఉండేది అందుకే. కమ్మీని 18 మి.మీ. ముందుకు జరిపాను. ఫ్యాను రెండో నంబరుకు వచ్చింది.
3. ఒక్క బేరింగు మీద కమ్మీ ఊగుతోంది. 60 మి.మీ. కింద ఇంకో 608 పెట్టాను. ఊగడం పోయింది.
4. పీఠం ఒక పక్కకు వాలి ఉండటంతో ఎప్పుడూ ఒకే దిక్కుకు వచ్చి ఆగుతోంది. రసమట్టం పెట్టి, మూడు మరల కాళ్లతో సమం చేశాను.

ఇప్పుడు ఒకటో నంబరుకు తిరుగుతుంది. నోటితో ఊదినా తిరుగుతుంది. ఆమె ఒక చెయ్యి రెక్క పక్కన పెట్టుకుని ఊది, రెక్క వచ్చి వేలికి తగిలేదాకా ఆగి, మళ్లీ ఊదుతుంది. అరగంట అదే చేసింది.

ఇప్పటిదాకా: రూ. 6,130. 135 గంటలు.

దశ 6: తోట

నా పెద్ద తప్పు ఇక్కడ ఉంది. హాలు పూర్తయింది కదా, ఇక చుట్టూ పచ్చగా నింపేయడమే అనుకున్నాను. ఆ 97 పాళ్ల కాగితం గోడ మీదే ఉంది.

పచ్చికకు రంపపు పొట్టు ఆకుపచ్చ రంగులో నానబెట్టి, మైదా పిండి జిగురుతో పరిచాను. చెట్లకు నేతిబీర పీచు. 140 చెట్లు నాటాను. దారులు స్కేలు ప్రకారం కోశాను, సన్నవి 5 మి.మీ. కూడా రాలేదు. ఫోటోలో చాలా బాగుంది.

వేసవి సెలవుల్లో మేనకోడలు ముందు కూర్చుంది. ఉత్తరం గేటు దగ్గర వేలు పెట్టి "ఇక్కడ్నుంచి వెళ్లు" అన్నాను. అయిదు సెంటీమీటర్లు వెళ్లి చెట్లలో ఇరుక్కుంది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఇరుక్కుంది. పొట్టు రవ్వలా వేళ్లకు అంటుకుంది. పీచు చెట్లు నలిగి పక్కకు పడ్డాయి. చివరికి అడిగింది:

"మావయ్యా, ఖాళీ ఏదీ? మనం నడిచింది ఖాళీలో కదా?"

నిజమే. గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా ఆమె అడుగులు లెక్కపెట్టుకుంది, మూడు వందల పైచిలుకు. ఆ దూరమంతా గాలి, ఎండ, అటూ ఇటూ ఏమీ లేనితనం. ఆ తోట వేసినవాళ్లు హాలు దూరం నుంచి కనపడాలని, దాని దగ్గరికి నడుచుకుంటూ రావాలని అంత జాగా వదిలారేమో. నేను దాన్ని చెట్లతో పూడ్చేశాను.

అప్పటికి ఊడబీకక ఉంచిన పచ్చిక ముక్కకు జులై వానల్లో బూజు పట్టింది, పదకొండు రోజుల్లో తెల్లగా. మైదా జిగురులో మైలుతుత్తం కలపాలని పుస్తకాలు కుట్టేవాళ్లెవరైనా చెప్తారు. నేను కలపలేదు. మొత్తం గీకేశాను.

రెండోసారి చేసింది:

1. పచ్చికకు పొట్టి నూలు వెల్వెట్. ఫెవికాల్‌ని నీళ్లతో పలచన చేసి, చిటికెడు మైలుతుత్తం కలిపి అంటించాను. ఆ జిగురు ఆరేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, మైలుతుత్తం విషం. ఆరాక పైన తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను.
2. దారులు 9 మి.మీ.కు పెంచి, పచ్చిక కన్నా 1.5 మి.మీ. లోతుగా చేశాను. వేలి కొన అందులో కూర్చుని జారుతుంది. స్కేలు తప్పింది, ఆ మాట పేరు పలకల్లో రాశాం.
3. దారి మీద మొదట 80 నంబరు ఎమెరీ కాగితం. పది నిమిషాలకు వేళ్లు మండాయట. తీసేసి, టీ వడకట్టే జల్లెడలో జల్లించిన ఏటి ఇసుక, పైన ఒక పూత వార్నిష్. "ఇదీ గులకరాళ్లు" అంది.
4. చెట్లకు కుంకుడు గింజలు. గట్టివి, గుండ్రటివి, నలగవు. ఒక్కోదానికి 2 మి.మీ. రంధ్రం వేసి, వెదురు పుల్ల మీద దిగ్గొట్టి, పుల్లను ప్లైలోకి దించాను. 140 కాదు, 64. అవీ ఎక్కువ భాగం అంచుల్లోనే, హాలు ముందు దాదాపు ఏమీ లేవు.

విక్టోరియా రాణి కంచు విగ్రహం, జార్జ్ ఫ్రాంప్టన్ చేసింది, గేటుకూ హాలుకూ మధ్య సింహాసనం మీద కూర్చుని ఉంటుంది. ఈ స్కేలులో అది వేలికి ఒక బొడిపే. అలాగే బొడిపెగా పెట్టి, పక్కన పేరు అంటించాను. దక్షిణాన ఎడ్వర్డ్ ఆర్చ్ మాత్రం కింది సందులోంచి చూపుడు వేలు దూరేంత పెద్దగా చేశాను. ఆర్చ్ అంటే ఏమిటో వేలు దూరితేనే తెలుస్తుంది.

ఇప్పటిదాకా: రూ. 6,770 (వృథా పచ్చిక రూ. 210). 182 గంటలు.

దశ 7: నీళ్లు

ఫోటోల్లో అందరికీ గుర్తుండేది నీళ్లలో హాలు నీడ. అందుకని ఎపాక్సీ రెజిన్ కొన్నాను. 6 మి.మీ. లోతు ఒకేసారి పోశాను. వేడెక్కి, బుడగలు వచ్చి, ఒక మూల చీలింది. అడుగున ప్లైకి సీలు వేయకపోవడంతో రాత్రికి రాత్రి కింది పట్టీల్లోకి కారింది. రెండో చెరువుకు 2 మి.మీ. చొప్పున, రోజుకో పొర పోశాను. అద్దంలా వచ్చింది. మా ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

ఆమె వేలు పెట్టి, "ఇది ప్లాస్టిక్ డబ్బా మూత" అంది.

చెక్క, గుడ్డ, రెజిన్ అన్నీ చేతికి దాదాపు ఒకేలా వెచ్చగా తగులుతాయి. రాయి, లోహం చేతి వేడిని లాగేసుకుంటాయి కాబట్టి చల్లగా అనిపిస్తాయి. గ్రానైట్ షాపులో వంటగట్టు కోతలో పారేసిన నల్ల ముక్కలు ఊరికే ఇచ్చారు, చెరువు ఆకారంలో కోసినందుకు మాత్రం డబ్బు తీసుకున్నారు. పాలిష్ పైకి పెట్టి బల్లలోకి దించాను. మొదట అంచు పచ్చిక కన్నా 3 మి.మీ. ఎత్తు వచ్చింది, అసలులో అది 1.2 మీటర్ల గట్టు అవుతుంది. చూపు ఉన్నవాళ్లకు ఆ గట్టే హాలు నీడను కప్పేసింది, వేలికీ నీళ్లు గట్టు మీదున్నట్టు తెలిసింది. ప్లైని ఉలితో ఇంకా తవ్వి, పచ్చిక కన్నా ఒక మిల్లీమీటరు కిందికి దించాను.

వెల్వెట్ మీంచి వేలు జారి ఆ చల్లటి నునుపు మీద పడగానే, ఎవరూ చెప్పకుండానే "నీళ్లు" అంది.

ఇప్పటిదాకా: రూ. 8,420 (వృథా రెజిన్ రూ. 1,350). 201 గంటలు.

దశ 8: పేర్లు, అతుకు

పేరు పలకలు మేనకోడలే కొట్టింది. భారతి బ్రెయిలీలో (భారతీయ భాషల బ్రెయిలీ) తెలుగు, పలచటి ప్లాస్టిక్ షీటు మీద, బ్రెయిలీ స్లేటు (గళ్ల పట్టీ), స్టైలస్‌ (చుక్కలు గుచ్చే మొన)తో. స్లేటు మీద కుడి నుంచి ఎడమకు గుచ్చుకుంటూ వెళ్లాలి, తిప్పితే ఎడమ నుంచి చదువుకోవాలి. నేను చెప్పిన పెద్ద పేర్లు పట్టలేదు, ఆమె కుదించింది. "మహారాణి విక్టోరియా కంచు విగ్రహం" కాస్తా "రాణి" అయింది. పలకలు మొదట నమూనా మీదే అంటించాం. వేలు దారి వెంట వెళ్తూ చుక్కల మీద ఆగిపోతోంది. తీసి బల్ల అంచు చుట్టూ అంటించి, ఒక్కో చోటుకు ఎదురుగా అంచులో చిన్న గాడి కోశాను. వేలు గాడి నుంచి సూటిగా లోపలికి వెళ్తే ఆ చోటు వస్తుంది.

రెండు ముక్కలు బోల్టులతో బిగించి, దసరాకు మొత్తం ఆమె ముందు పెట్టాను. గేటు, దారి, రాణి, నీళ్లు, మెట్లు, చల్లటి అరుగు, గుమ్మటం. హాలు చుట్టూ తిరిగి దక్షిణానికి వచ్చి ఒకచోట ఆగింది. వేలు అటూ ఇటూ, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నడిపింది.

"ఈ దారి మనం నడవలేదే. ఇదెక్కడికి వెళ్తుంది?"

అది బల్ల అతుకు. కాలిపర్‌తో చూస్తే సందు 0.8 మి.మీ. కంటికి ఆనదు. పుట్టీ పెడితే విడదీసినప్పుడు పగులుతుంది, టేపు వేస్తే అదే ఇంకో దారిలా తెలుస్తుంది. పెద్ద ముక్క వైపు వెల్వెట్‌ను 15 మి.మీ. అదనంగా వదిలి, చిన్న ముక్క మీదికి వాలేలా చేశాను. చిన్న ముక్క అంచు మీద పాత వెల్వెట్‌ను అంత మేర కత్తిరించి తీసేశాను, లేకపోతే అక్కడ రెట్టింపు మందం వస్తుంది. దారులు అతుకును దాటే మూడు చోట్ల మాత్రం గుడ్డ పెట్టలేదు. అక్కడ కార్క్ షీటు పట్టీ దూర్చి, పైన ఇసుక చల్లాను. విడదీసినప్పుడల్లా ఆ ఇసుక కొంచెం రాలుతుంది, మళ్లీ చల్లుకోవాలి. చిన్న డబ్బాలో ఇసుక, జిగురు నమూనాతో పాటే పెట్టాను.

మర్నాడు మళ్లీ చూపించాను. దక్షిణం తోట మీద రెండుసార్లు చెయ్యి తిప్పి, ఎక్కడా ఆగకుండా ఆర్చ్ దాకా వెళ్లి అందులో వేలు పెట్టింది.

మొత్తం: రూ. 9,820 (పెట్టె, పలకలు కలిపి, వృథా రూ. 2,180). 217 గంటలు. బరువు పెట్టెతో కలిపి ఇద్దరు మోయాలి. రైల్లో విజయనగరం వెళ్లేటప్పుడు దేవతను కమ్మీ నుంచి విడదీసి, బేరింగుల్లోకి దుమ్ము పోకుండా పాత సాక్సు తొడిగి తీసుకెళ్లాం.